పుర్రె జారింది, పదవి వచ్చింది

మొన్న ఆదివారం ఒక ఫిల్మ్ సొసైటీలో ‘ద ఫాగ్ ఆఫ్ వార్’ వేశారు. ఎరల్ మారిస్ 2003లో తీసిన 107 నిమిషాల డాక్యుమెంటరీ, ఆస్కార్ కూడా వచ్చింది. వియత్నాం యుద్ధం ముదిరిన రోజుల్లో అమెరికా రక్షణ మంత్రిగా ఉన్న రాబర్ట్ మెక్‌నమారా, 85 ఏళ్ళ వయసులో, కెమెరా ముందు కూర్చుని మాట్లాడతాడు. సినిమా చాలావరకు అదే. అందుకని తెలుగు సబ్‌టైటిల్స్ తయారుచేశారు. తర్వాత సినిమా ‘బలాలు, బలహీనతలు’ మీద ముఖ్య అతిథి ప్రసంగం. ఎనిమిదింటికల్లా హాలు ఖాళీ చెయ్యాలి.

సబ్‌టైటిల్స్ రాసింది యూరప్ డీవీడీ చూసి. అది సెకనుకు 25 ఫ్రేములు, అంటే 25 బొమ్మలు; సినిమా కాస్త వేగంగా నడుస్తుంది. తెర మీద నడిచిన ఫైలు 23.976. చూస్తే చిటికెడు తేడా, కానీ నిమిషానికి రెండున్నర సెకన్ల చొప్పున వడ్డీలా పెరుగుతుంది. మొదటి నిమిషం చూసి ‘బ్రహ్మాండం’ అనుకుని టీకి వెళ్ళిపోయే మన టెస్టింగులో అది దొరకదు. ఆఖరి డైలాగు దగ్గర కూడా చూడాలి. అక్కడికొచ్చేసరికి అక్షరాలు నాలుగు నిమిషాల పైచిలుకు ముందే వచ్చేస్తాయి. ‘సబ్‌టైటిల్ ఎడిట్’ అనే సాఫ్ట్‌వేర్‌లో ఫ్రేమ్ రేటు మార్చడం ఎంత పని? టీ చల్లారేలోపు అయిపోయేది.

సినిమా సగానికి వచ్చింది. మెక్‌నమారా ఫోర్డ్ కంపెనీలో ఉన్న రోజుల కథ. కారు ప్రమాదంలో తల ఎలా పగులుతుందో తెలుసుకోడానికి, కార్నెల్ యూనివర్సిటీ వాళ్ళు మనిషి పుర్రెలకు రకరకాల పదార్థాలు చుట్టి, హాస్టల్ మెట్ల మధ్య ఖాళీలోంచి కిందికి వదిలారట. మారిస్ దాన్ని స్లో మోషన్‌లో చూపిస్తాడు. పుర్రె తెల్లగా, తాపీగా, ఎవరిమీదా కోపం లేనట్టు దిగుతోంది. వెనక ఫిలిప్ గ్లాస్ సంగీతం. సరిగ్గా అప్పుడు కింద తెలుగులో: ‘రక్షణ మంత్రి పదవికి నాకు అర్హత లేదన్నాను. అధ్యక్షుడవడానికి మాత్రం బడి ఉందా అన్నాడు కెన్నెడీ.’

హాలు ఘొల్లుమంది. చప్పట్లు కూడా. కింద పడి పుర్రె పగిలింది, పదవి ఖరారైంది.

కంప్యూటర్ దగ్గర మాత్రం ముచ్చెమటలు. సినిమా నడిపే వీఎల్‌సీ ప్లేయర్‌లో జీ, హెచ్ మీటలతో సబ్‌టైటిల్స్‌ని వెనక్కీ ముందుకీ జరపొచ్చు, ఒక్కో నొక్కుకి 50 మిల్లీసెకన్లు. రెండు నిమిషాల తేడా సర్దాలంటే 2,400 నొక్కులు. సహస్రనామార్చన రెండుసార్లు చేసినా తీరదు. తీరినా తేడా మళ్ళీ పెరుగుతూనే ఉంటుంది. పైగా హడావుడిలో మొదటి వంద నొక్కులూ తప్పు మీట మీద పడ్డాయి. మరో అయిదు సెకన్లు ముందుకెళ్ళాయి. వెనక వరసలో ఎవరో ‘అబ్బ, ఎడిటింగ్!’ అన్నారు.

ముఖ్య అతిథి వచ్చింది సినిమా సగంలో, అంటే పుర్రె దగ్గరికే. ప్రసంగంలో పావుగంట దాని మీదే. ‘మృత్యువు జారుతుంటే అధికారం ఎక్కుతుంది, ఇది దర్శకుడు చెప్పకనే చెప్పిన ధ్వని!’ అన్నారు. శాలువా కప్పాక, ‘అయ్యా, అది ధ్వని కాదు, ఫ్రేమ్ రేటు’ అని చెప్పే ధైర్యం ఎవరికుంటుంది?

ఆయన తలుచుకోని సంగతులు చాలా ఉన్నాయి. టోక్యో మీద బాంబులు వేసిన ఘట్టంలో విమానాల్లోంచి బాంబులకు బదులు అంకెలు రాలతాయి. జపాన్‌లోని తోయమా నగరం 99 శాతం బూడిదైందంటూ, దాని పక్కన దానికి సాటివచ్చే అమెరికా ఊరి పేరు వేస్తాడు మారిస్. కెన్నెడీ, జాన్సన్‌ల గదుల్లో రికార్డయిన సంభాషణలు వినిపిస్తాడు. ముసలాయన జ్ఞాపకం ఒకటి చెబితే టేపు ఇంకొకటి చెప్పడానికి వీలుంటుంది. బలమంటే అదీ.

బలహీనత కూడా అక్కడే. సినిమా చెప్పే పాఠాల్లో మొదటిది శత్రువు మనసు అర్థం చేసుకోమంటుంది, సినిమాలో మాత్రం ఒక్క వియత్నామీ ముఖమూ ఇంటర్వ్యూకి కూర్చోదు. 1995లో వియత్నాం రాజధాని హనోయ్‌లో వాళ్ళ మాజీ విదేశాంగ మంత్రితో దాదాపు కొట్టుకునేదాకా వచ్చిన వాదన కూడా మెక్‌నమారా నోటే వినాలి. దానికి తోడు ఇంటర్రోట్రాన్ అనే అద్దాల ఏర్పాటు ఉంది. కెమెరా లెన్సు మీదే దర్శకుడి ముఖం కనిపిస్తుంది కాబట్టి, మెక్‌నమారా దాన్ని చూసి మాట్లాడితే మన కళ్ళలోకే చూస్తున్నట్టుంటుంది. అలా చూసే ముసలాయన్ని అనుమానించడం కష్టం. మాట మధ్యలో కట్ పడి ముఖం కాస్త పక్కకి గెంతుతుంది, ఆ సందులో ఏం పోయిందో తెలీదు. బొమ్మా మాటా పక్కపక్కన పెడితే చాలు, నమ్మేస్తాం. తప్పు ఫైలు కూడా అంత పనీ చేసింది మరి.

ఇదేదీ వేదిక మీద రాలేదు. ఏడూ యాభైకి వాచ్‌మన్ ఫ్యాన్లు కట్టేశాడు. అతిథిగారు దిగొచ్చి, కాలేజీ పిల్లలకు చూపిస్తానంటూ పెన్‌డ్రైవ్ చాపారు. ‘ఆ సబ్‌టైటిల్స్ కూడా వెయ్యండి, అవే ప్రాణం’ అన్నారు.

వేసిచ్చారు, సరిచెయ్యకుండానే.