పదివేళ్లకు పదివేలు

పిల్లల తెలివితేటలు తెలుసుకోవడానికి పరీక్షలు పెట్టే అనాగరిక యుగం ముగిసింది. ఇకపై పిల్లవాడు ఏమీ రాయనక్కర్లేదు, చెప్పనక్కర్లేదు, ఆలోచించనైనా అక్కర్లేదు. పదివేళ్లనూ ఒకదాని తరువాత ఒకటి గాజుపలక మీద ఆనిస్తే చాలు. వారం తిరిగేసరికి నలభై పేజీల రంగుల నివేదిక చేతికొస్తుంది. తర్కం ఎన్ని పాళ్లు, సంగీతం ఎన్ని పాళ్లు, ఇంటర్లో ఎంపీసీయా బైపీసీయా, అన్నీ అందులోనే. వేలిముద్రలు చూసి తెలివి ఏయే రకాలుగా ఎంతెంత ఉందో తేలుస్తామనే ఈ పరీక్షను డీఎంఐటీ (డెర్మటోగ్లిఫిక్స్ మల్టిపుల్ ఇంటెలిజెన్స్ టెస్ట్) అంటారు. బొటనవేలికి మెదడు ముందు భాగంతోనూ, చిటికెన వేలికి వెనక భాగంతోనూ నేరుగా సంబంధం ఉంటుందట. మధ్యలో ఉన్న గుండె, ఊపిరితిత్తులు ఈ సంభాషణలో ఎందుకు జోక్యం చేసుకోవో వారు వివరించలేదు.

మా ప్రాంతంలోని ఒక ప్రైవేటు పాఠశాల గత నెల తల్లిదండ్రులందరికీ సర్క్యులర్ పంపింది. ఐచ్ఛికం అని రాసి, కింద ఆఖరు తేదీ వేశారు. పిల్లలకు పదివేలు. తల్లిదండ్రులు కూడా వేళ్లు ఇస్తే కుటుంబ రాయితీ.

ఈ మహాశాస్త్రంలో నాకు అత్యంత ప్రీతికరమైన అధ్యాయం పక్షులది. భూమ్మీది మనుషులందరూ నాలుగే రకాలు: గద్ద, నెమలి, పావురం, గుడ్లగూబ. ఏ వేలి మీద ఏ సుడి ఉందో చూసి ఎవరు ఏ పక్షో తేలుస్తారు. మా పక్కింటి కుటుంబం రాయితీకి ఆశపడి మూకుమ్మడిగా వెళ్లింది. ఏసీ హాలు, తెర, టై కట్టుకున్న కౌన్సెలర్. నెమలి అని తేలిన కుర్రాడికి చప్పట్లు కొట్టించారు. తల్లి గద్ద. ఆవిడ ఆశ్చర్యపోలేదు, ఆవిడ భర్త అంతకన్నా ఆశ్చర్యపోలేదు.

"సార్, మీరు గుడ్లగూబ" అన్నాడు కౌన్సెలర్ ఆయనతో, అభినందిస్తున్నట్టు.

వెనక వరుసలో కూర్చున్న ఆయన తల్లి లేచి నిలబడింది. "గుడ్లగూబ ఇంటి మీద వాలితేనే శాంతి చేయిస్తాం. ఏకంగా ఇంట్లోనే ఉందంటావేమిటి నాయనా?"

"అది విశ్లేషణాత్మక స్వభావానికి గుర్తు మామ్మగారూ."

"ఆ స్వభావమేదో పావురానికి పెట్టు. కావాలంటే ఇంకో వెయ్యి తీసుకో."

"వేలిముద్రలు మారవు మామ్మగారూ" అన్నాడతను, శాస్త్రజ్ఞుడికి తగిన విచారంతో.

ఆ ఇంట్లో ఇప్పుడు రాజ్యాంగం అమల్లో ఉంది. నెమలి హోంవర్కు చేయదు, ఎందుకంటే నెమలి ఒకచోట కుదురుగా కూర్చోలేదని నివేదికలోనే రాసి ఉంది. గ్యాస్ బండ ఎవరు బుక్ చేయాలన్న తగాదా వస్తే ఇరవై మూడో పేజీ తెరిచారు. నిర్ణయాలు గద్దవి, వివరాలు గుడ్లగూబవి. కాబట్టి బండ కావాలని తేల్చేది ఆవిడ, ఓటీపీ వెతికి చెప్పేది ఆయన. పాతికేళ్లుగా జరుగుతున్నదీ అదే, కాకపోతే ఇప్పుడు దానికి శాస్త్రీయ ప్రాతిపదిక ఏర్పడింది. మామ్మగారు మాత్రం కొడుకు పేరున గుట్టుగా శాంతి చేయించారు.

మన నాయనమ్మలు కూడా వేళ్లు చూసేవారు. ఎండాకాలం సెలవుల్లో పక్కన కూర్చోబెట్టుకుని శంఖాలెన్ని, చక్రాలెన్ని అని లెక్కపెట్టి, మనవడికి రాజయోగం ఖాయం చేసేవారు. ఫీజు లేదు, జీఎస్టీ లేదు. చెప్పింది జరగకపోతే మరునాడు మళ్లీ లెక్కపెట్టేవారు.

వేలిముద్రల మీద పరిశోధించిన ఫ్రాన్సిస్ గాల్టన్ అనే ఇంగ్లండు పెద్దమనిషికి ఈ వ్యాపారం తట్టలేదు. తట్టడానికి ఆయనకన్నా తగినవాడు లేడు. తెలివి వంశాల్లో పారుతుందని బలంగా నమ్మినవాడు, మేలు జాతి మనుషులను పెంచాలన్న వాదానికి పేరు పెట్టినవాడు. వేలిముద్రల్లో జాతి, స్వభావం, సామర్థ్యం కనిపిస్తాయేమోనని ఎంతో ఆశతో వెతికి, ఏమీ దొరకలేదని 1892లో తన పుస్తకంలో ఒప్పుకున్నాడు. ఆ తరువాత 1897లో కలకత్తాలో వేలిముద్రల కార్యాలయం పెట్టారు. అప్పటినుంచి ఏ పోలీసూ "ఈ దొంగకు సంగీతంలో మంచి భవిష్యత్తుంది" అని చెప్పినట్టు దాఖలా లేదు. వేలిముద్ర చెప్పగలిగింది ఒక్కటే: ఈ మనిషి ఈ మనిషేనని. అదీ అన్నివేళలా కాదు. ఇటుకలు మోసి మోసి వేళ్లరిగిన ఆడమనిషిని రేషన్ దుకాణంలో యంత్రం గుర్తుపట్టక బియ్యం ఇవ్వకుండా తిప్పి పంపుతుంది. ఏసీ హాలులోకి వచ్చేసరికి అదే వేలు త్రికాలజ్ఞాని అవుతుంది.

తెలివి ఒక్కటి కాదు, పలు రకాలనే బహుళ ప్రజ్ఞల సంగతి అడిగితే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త హోవార్డ్ గార్డనర్ ఫొటో చూపిస్తారు. 1983లో ఆయన ప్రతిపాదించిన ఆ సిద్ధాంతానికీ వేలిముద్రలకూ ఏ చుట్టరికమూ లేదు. ఫొటో అయితే బాగుంది.

మరి నివేదిక అంత సరిగ్గా ఎలా సరిపోయిందంటారా? 1948లో బెర్‌ట్రామ్ ఫోరర్ అనే మనస్తత్వశాస్త్ర అధ్యాపకుడు తన విద్యార్థులకు వ్యక్తిత్వ పరీక్ష పెట్టి, తలా ఒక ఫలితం ఇచ్చి, ఎంత బాగా సరిపోయిందో మార్కులు వేయమన్నాడు. సగటున ఐదుకు 4.26 వచ్చాయి. అందరికీ ఇచ్చింది ఒకే కాగితం, అందులోని వాక్యాలు చాలావరకు జాతకాల పుస్తకంలోంచి ఎత్తినవి. "మీ అబ్బాయి తెలివైనవాడే, కాకపోతే శ్రద్ధ తక్కువ" అంటే కాదనే తల్లి ఆంధ్రలో ఉందా, తెలంగాణలో ఉందా?

అదే హాలు నుంచి వచ్చిన ఒక పన్నెండేళ్ల అమ్మాయి నివేదిక కూడా నేను చూశాను. తర్కం, గణితం అని రాసిన చోట రంగు గీత అన్నిటికన్నా పొట్టిగా ఉంది. "నాకు లెక్కలు రావండీ, నా వేళ్లలోనే లేవు" అంది ఆ పిల్ల. ఏడవలేదు. ఎత్తు ఎంతో, బరువు ఎంతో చెప్పినట్టు చెప్పింది. లెక్కల ట్యూషన్ మాన్పించి, ఆ డబ్బుతో తమ్ముణ్ణి చేర్చారట. వాడి గీత పొడుగ్గా ఉంది.

ఇక్కడ నాకు నవ్వు రావడం లేదు. మీకు డబ్బు కావాలంటే దొంగతనం చేయండి, చిట్టీలు ఎగ్గొట్టండి. పన్నెండేళ్ల పిల్ల చేయి పట్టుకుని నీకు ఇది రాదు, పుట్టకముందే రాసిపెట్టి ఉంది అని చెప్పడానికి మీరెవరు? తెలివిని కొలిచే పరీక్షను మొదట తయారుచేసిన ఫ్రెంచి మనస్తత్వ శాస్త్రవేత్త ఆల్ఫ్రెడ్ బినే, 1905లో ఆ పని చేసింది వెనకబడిన పిల్లలెవరో గుర్తించి సాయం చేయడానికి. తెలివి మార్చలేని కొలత అనేవాళ్ల మీద మండిపడి, ఈ క్రూరమైన నిరాశావాదాన్ని ఎదిరించాలని 1909లోనే రాశాడు. పరీక్ష కనిపెట్టినవాడే చెప్పని తీర్పు, గాజుపలక అద్దెకు తెచ్చుకున్నవాడు చెబుతున్నాడు. నలభయ్యో పేజీ అడుగున చీమల బారులాంటి అక్షరాల్లో, ఈ ఫలితాల ఆధారంగా తీసుకునే నిర్ణయాలకు సంస్థ బాధ్యత వహించదని రాసుకున్నాడు. గీత పొట్టిదైతే మాత్రం బాధ్యత ఆ పిల్లది.

పాఠశాల వారూ, హాలు ఇచ్చింది మీరు, సర్క్యులర్ మీద ముద్ర మీది, వాటా సంగతి మీకే తెలియాలి. ఆ అమ్మాయి చదివే ఏడో తరగతికి జూన్ నుంచి లెక్కల మాస్టారు లేరు. వ్యాయామం మాస్టారు వచ్చి ఎక్కాలు చదివించి వెళుతున్నారు. ఇది ఏ వేలి మీద రాసి ఉందో మీ కౌన్సెలర్‌ను అడిగి చెప్పండి.