వేడిదాన మహిమ

బెంగళూరు గాజు మేడల మీద ఈమధ్య అపవాదులు ఎక్కువయ్యాయి. ఊరు వేడెక్కింది వాటివల్లేనట. మారతహళ్లిలో స్థిరపడ్డ తెలుగువాడిగా ఈ నిందను ఖండిస్తున్నాను.

సముద్రమట్టానికి 900 మీటర్ల పైనున్న ఈ ఊరు ఒకప్పుడు అందరికీ ఒకే చల్లగాలి పంచేది. అనంతపురం బస్సు దిగినవాడికీ, బంగళా దొరకీ అదే గాలి! మరి అప్పుచేసి ఇరవయ్యో అంతస్తు కొన్నవాడికి విలువేముంది? ఔటర్ రింగ్ రోడ్డు మేడలు ఈ అన్యాయాన్ని సరిదిద్దాయి.

గాజు ఎండను లోపలికి రానిస్తుంది, లోపలి వేడిని తేలిగ్గా పోనివ్వదు. అందుకని ఏసీ వేస్తారు. ఏసీ వేడిని మాయం చేస్తుందని అమాయకులు అనుకుంటారు. అదేం చేయగలదు పాపం! లోపలి వేడికి తాను తిన్న కరెంటు వేడినీ కలిపి బయట దింపుతుంది. ఇడ్లీ బండి మదనపల్లె ఆయనా, ఏసీ బయటి పెట్టెల పక్కనే కుర్చీ వేసుకున్న సెక్యూరిటీ కుర్రాడూ (కదిరి వాడు) పైసా ఖర్చు లేకుండా అందుకుంటారు. అన్నదానానికైనా కూపన్లుంటాయి.

మేడలు పగలు నీడనిస్తాయి కదా అంటారా? ఇస్తాయి. అక్కడ పార్కింగ్ ఉంది. రాత్రి సంగతి వేరు. కాంక్రీటు తాగిన ఎండ చీకటిపడ్డాక ఆకాశంలోకి పోవాలి. పీజీ హాస్టళ్ల సందుల్లో ఎదురెదురు గోడలు దాన్ని ఒకదానికొకటి అప్పగించుకుంటాయి. పైన ఆకాశం ఎంత సన్నగా కనిపిస్తే వేడి అంత ఆలస్యంగా బయల్దేరుతుంది.

చెట్లూ చెరువులూ ఉంటే చల్లగా ఉండేదని కొందరి వాదన. చెరువు నీరు ఆవిరవుతూ వేడిని పట్టుకుపోయే మాట నిజమే. కానీ బిల్లు వేయని సేవను నమ్మేదెలా? అందుకే ధర్మాంబుధి చెరువు మెజెస్టిక్ బస్టాండైంది, సంపంగి చెరువు కంఠీరవ స్టేడియమైంది.

చుట్టుపక్కల పల్లెలకంటే లండన్ రాత్రిళ్లు వెచ్చగా ఉంటోందని ల్యూక్ హోవర్డ్ అనే వాతావరణ పరిశీలకుడు 200 ఏళ్ల కిందటే రాశాడు. అప్పటికి ఏసీ లేదు, గాజు మేడా లేదు. నిందితులు నిర్దోషులని తేలిపోలేదూ? అదే లండన్‌లో 2013లో ఒక వంపు గాజు మేడ ఎండనంతా ఒకచోటికి పోగేసి, కింద ఆపిన కారు భాగాలు కరిగించింది. మనం ఇంకా ఆ స్థాయికి రాలేదు. నిరుత్సాహపడనక్కర్లేదు.

ప్రభుత్వానికి ఒక్కటే విన్నపం. దానాలకు ఆదాయపు పన్నులో మినహాయింపు ఉంది. వేడిదానానికీ వర్తింపజేయాలి. ముట్టినట్టు రసీదు మీద కదిరి కుర్రాడు సంతకం పెడతాడు. డ్యూటీ ఎలాగూ అక్కడే.