లిథియం కాదు, లెక్క రాయకపోవడం ప్రమాదం

ఉన్మాదం, కుంగుబాటు మార్చి మార్చి వచ్చే మానసిక జబ్బు బైపోలార్. దాని వైద్యం గురించి మాట్లాడితే చర్చంతా వైద్యుల కొరత, పడకల కొరత దగ్గరే తిరుగుతుంది. కొరత నిజమే. కానీ రోగి చేజారేది వార్డులో కాదు, డిశ్చార్జి అయ్యాక. ఆత్మహత్య ముప్పు బాగా ఎక్కువగా ఉండేది ఆ మొదటి వారాల్లోనే. మూడు నెలలకు రమ్మని చీటీ రాసిస్తారు. రాకపోతే ఎందుకు రాలేదని అడిగే నాథుడు ఉండడు.

ఈ జబ్బుకు వాడే లిథియం సంగతే చూడండి. ఉన్మాద దశలో అది పనిచేస్తుందని 1949లో ఆస్ట్రేలియా మానసిక వైద్యుడు జాన్ కేడ్ చూపించాడు. జబ్బు తిరగబెట్టకుండా ఆపడంలో నేటికీ అది ముందువరసలోనే ఉంది. కాకపోతే రక్తం చూసుకుంటూ వాడాలి. మోతాదు మార్చిన వారానికి, చివరి మాత్ర వేసుకున్న 12 గంటలకు నమూనా తీయాలి. లీటరుకు 0.6 నుంచి 0.8 మిల్లీమోల్ ఉంటే చాలామందికి చాలు, 1.5 దాటితే విషం. ఇక్కడే తిరకాసు. పొద్దున మాత్ర మింగి నేరుగా ల్యాబుకు వెళ్తే అంకె ఎక్కువ వస్తుంది. మాత్ర ఎప్పుడు వేసుకున్నారో రిపోర్టులో ఉండదు. డాక్టరు మోతాదు తగ్గిస్తాడు, జబ్బు తిరగబెడుతుంది. ఇంకొకరు మోకాళ్ల నొప్పికి ఐబుప్రోఫెన్ వాడతారు, లేదా నాలుగు రోజులు విరేచనాలతో నీరసపడతారు. లిథియం ఒంట్లో పేరుకుంటుంది. చేతులు బాగా వణికి, మాట తడబడితే గానీ ఎవరికీ అనుమానం రాదు.

లిథియంతో కిడ్నీలు, థైరాయిడ్ పాడవుతాయి, వేరే మందులున్నాయిగా అంటారు. ఉన్నాయి. వాల్ప్రోయేట్ గర్భస్థ శిశువుకు హాని చేస్తుంది, ఒలాంజపిన్ బరువు, షుగర్ పెంచుతుంది. ఏది వాడినా లెక్క తప్పదు.

అందుకు కావలసింది ఒక రిజిస్టరు, దాన్ని చూసే ఒక నర్సు. ప్రతి రోగికి ఒక వరుస: లిథియం అంకె, మాత్రకూ నమూనాకూ మధ్య గంటలు, ఆరు నెలలకోసారి క్రియాటినిన్ (కిడ్నీల పరీక్ష), టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), కాల్షియం. తేదీ దాటితే ఫోన్. ఆ ఫోన్లో ఎన్ని గంటలు పడుకుంటున్నారని తప్పక అడగాలి. రెండు మూడు రాత్రులుగా నిద్ర తగ్గినా అలసట లేదంటే ఉన్మాదం మొదలవుతుండవచ్చు, అదే వారం డాక్టరు చూడాలి. అందుకని రోజూ ఓపీలో ఒకటి రెండు చోట్లు ఖాళీగా అట్టేపెట్టాలి. జబ్బు తిరగబెడితే ఎవరికి కబురు చేయాలో రోగి బాగున్నప్పుడే రాయించుకోవాలి. ఉన్మాదం ముదిరాక అడిగితే ఎవరూ వద్దంటాడు.

ఇంత సులువైనది ఎందుకు జరగదు? ఆరోగ్య వ్యవస్థలు డబ్బిచ్చేది జరిగిన ప్రమాదానికి, తప్పిన ప్రమాదానికి కాదు. పేటెంటు లేని ఉప్పు కాబట్టి లిథియం తరఫున వకాల్తా పుచ్చుకునే కంపెనీ లేదు. విషమెక్కి డయాలసిస్ చేస్తే బిల్లవుతుంది. అంతదాకా రానివ్వకుండా ఫోన్ చేసిన నర్సు పనికి చాలాచోట్ల పద్దే లేదు.