ఊరిని అడిగి గెడ్డలో దిగుదాం

కార్తీక మాసం పిక్నిక్‌లు దగ్గర పడుతున్నాయంటే విశాఖ కుర్రాళ్ల ఫోన్లలో ఒకే రకం వీడియోలు తిరుగుతాయి. చుట్టూ అడవి, నల్లటి బండలు, వాటి మధ్య అడుగున గులకరాళ్లు కనిపించేంత తేటగా ఓ మడుగు. ‘ఎవరికీ తెలియని చోటు’ అని పైన రాసి, కింద లొకేషన్ పెడతారు. వారం తిరక్కుండా అక్కడ బైకులు బారులు తీరతాయి. నెల తిరక్కుండా, చాలాసార్లు, అదే చోటు పేరు జిల్లా పేజీలో ఇంకో రకం వార్తగా వస్తుంది.

ఎవరికీ తెలియని మడుగు మన కొండల్లో ఒక్కటీ లేదు. ప్రతి మడుగు కిందా ఓ ఊరుంది. అందులో ఏ నెలలో ఎంత లోతుంటుందో, ఏ బండ కింద సుడి తిరుగుతుందో, పోయినేడు పశువు ఎక్కడ జారిపడిందో ఆ ఊళ్లో పిల్లలకి కూడా తెలుసు. వీడియో ఆ మడుగుకి దారి మాత్రమే చూపిస్తోంది. ఆ ఊరి తెలివిడి అందులో రాదు. ఈ రెండూ విడిపోవడమే అసలు ప్రమాదమని నా వాదన. గెడ్డల్లో, అంటే మన కొండవాగుల్లో, ఈతకి వెళ్లొద్దని నేను అనను. వెళ్లాలి. కానీ ఎవరు, ఎప్పుడు, ఎంతమంది, ఎక్కడిదాకా అన్నది ఆ ఊరు చెప్పాలి. దానికి మనం డబ్బు కట్టాలి, మాట వినాలి.

వెళ్లాలని ఎందుకంటున్నానో ముందు చెప్పాలి. సముద్రం పక్కనే పుట్టి పెరిగినా మన ఊరివాళ్లలో చాలామందికి నీళ్లతో స్నేహం లేదు. ఆర్కే బీచ్‌లో అల పాదాల మీదకి వస్తే వెనక్కి ఉరకడమే తప్ప, అందులో హాయిగా ఈదే వీలు లేదు. కెరటం లాగేస్తుంది, అడుగున ఇసుక జారిపోతుంది. గెడ్డ అలా కాదు. వానలు పూర్తిగా తగ్గాక, మార్గశిరం నుంచి మాఘం దాకా, అనంతగిరి, దేవరాపల్లి వైపు కొండవాగుల్లో నీళ్లు బండల మీద పల్చగా జారి చిన్న మడుగుల్లో నిలుస్తాయి. మధ్యాహ్నం ఎండలోనూ ఆ నీళ్లు ఒళ్లు జివ్వుమనిపిస్తాయి. మెడ దాకా మునిగి కూర్చుంటే చిన్న చేపపిల్లలు వచ్చి కాళ్లు పొడుస్తుంటాయి. అరగంట అలా ఉంటే వారం రోజుల ఆఫీసు టెన్షన్ దిగిపోతుంది. కొండ నుంచి వచ్చే నీటి కింద తల పెట్టడం విశాఖవాసులకి కొత్తేమీ కాదు. సింహాచలం కొండ మీద గంగధార, అవతలి వైపు మాధవధార, ఈ రెండింటి దగ్గరా తరాలుగా స్నానాలు చేస్తూనే ఉన్నాం. ఆ సుఖం పిల్లలకి అందకూడదని నేనెలా అంటాను?

గెడ్డని ఊరు ఎలా వాడుకుంటుందో చూడని మనిషికి మాత్రం అందులో దిగే హక్కు లేదంటాను.

ఏజెన్సీలో, అంటే కొండల్లోని గిరిజన ప్రాంతంలో, ఏ చిన్న ఊరి గెడ్డనైనా కాస్త పైనుంచి కిందికి నడిచి చూడండి. ఊరికి ఎగువన, మనుషుల అలికిడి తక్కువగా ఉన్న చోట తాగునీరు పట్టుకుంటారు. చాలా ఊళ్లకి అక్కడి నుంచే, మోటారు లేకుండా వాలు మీదే నీరు పారే గ్రావిటీ స్కీము పైపు దిగుతుంది. రాళ్లు పేర్చి చిన్న అడ్డుకట్ట కడతారు, పైపు మూతికి జాలీ బిగిస్తారు. పైపు లేని చోట గెడ్డ ఒడ్డున ఇసుకలో చెలమ తవ్వి, ఊరిన నీటిని గిన్నెతో తోడి బిందెలో పోసుకుంటారు. దాని కింద స్నానాల రేవు. ఆడవాళ్ల రేవు వేరు, మగవాళ్ల రేవు వేరు. ఇంకా దిగువన బట్టలు ఉతికే బండలు. అన్నిటికన్నా కింద పశువులు దిగే చోటు. ఈ వరుసకి బోర్డు ఉండదు. పుట్టినప్పటి నుంచి చూస్తున్నవాళ్లకి బోర్డుతో పనేముంది?

ఇప్పుడు మన కుర్రాళ్లు వస్తారు. వాళ్లకి కావలసింది అన్నిటికన్నా తేటైన మడుగు. అది ఎక్కడుంటుంది? అన్నిటికన్నా పైన, తాగునీటి దగ్గర. షాంపూ ప్యాకెట్లు చింపి తలంట్లు అక్కడే, బిర్యానీ పొట్లాలు అక్కడే, బీరు సీసాలు పగిలేదీ అక్కడే. సీసా పెంకు నీళ్లలో పడితే కనిపించదు. మర్నాడు చెప్పుల్లేకుండా నీళ్లకి వచ్చిన పిల్ల కాలికి అది గుచ్చుకున్నప్పుడే దొరుకుతుంది. ఇంత చేసినా ఎవరూ కేకలేయరు. ‘ఆ పక్కకి ఎల్లకండి బాబూ’ అని ఏ పెద్దాయనో మెల్లగా అంటాడు. కార్లలో వచ్చిన పదిమందికి ఆ మాట వినపడదు.

ఆ నీళ్లు చివరికి ఎక్కడికి వస్తాయో కూడా తలుచుకోవాలి. గోస్తనికి పుట్టినిల్లు అనంతగిరి కొండలే. అది తాటిపూడి జలాశయంలో ఆగి, భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. శారద నీరు రైవాడలో నిలుస్తుంది. తాటిపూడి, రైవాడ, మేఘాద్రి గెడ్డ మూడూ విశాఖకి మంచినీళ్లిచ్చే జలాశయాలే. కొండ మీద మనం పారేసిన ప్లాస్టిక్, మనం కలిపిన సబ్బు మన కుళాయి వైపే ప్రయాణం మొదలుపెడతాయి.

ప్రాణాల సంగతి ఇంకా ముఖ్యం. తూర్పు కనుమల గెడ్డలకి ఓ స్వభావం ఉంది. వాలు ఎక్కువ, పరీవాహకం చిన్నది, బండ నేల. పడిన వాన ఇంకదు, జారుతుంది. పైన ఎక్కడో రెండు కొండల అవతల గంట సేపు జోరువాన కురిస్తే, ఇక్కడ ఎండ కాస్తుండగానే మోకాలి లోతు నీరు నిమిషాల్లో నడుం దాటుతుంది. సాయంత్రానికి మళ్లీ ఏమీ జరగనట్టు పారుతుంటుంది. 2024 సెప్టెంబరులో మారేడుమిల్లి దగ్గర జలతరంగిణి జలపాతం వద్ద జరిగింది ఇదే. ఏలూరు నుంచి వచ్చిన వైద్య విద్యార్థుల్లో ఐదుగురు ఒక్కసారిగా పెరిగిన ప్రవాహంలో కొట్టుకుపోయారు, ముగ్గురు దక్కలేదు. డాక్టర్లు కావలసిన పిల్లలు. వాళ్లకి తెలివి లేక కాదు. ఆ గెడ్డ భాష చెప్పేవాళ్లు ఆ నిమిషంలో పక్కన లేరు.

ఆ భాష మరీ కష్టమైనదేమీ కాదు. తేటనీరు ఎర్రబారడం, ఎండుటాకులూ పుల్లలూ గుంపులుగా కొట్టుకురావడం, నీటి చప్పుడు బరువెక్కడం, ఈ మూడిట్లో ఏ ఒక్కటి కనిపించినా, వినిపించినా చెప్పుల కోసం కూడా ఆగకుండా ఒడ్డు ఎక్కేయాలి. ఎదుటి ఒడ్డుకి కాదు, ఊరున్న ఒడ్డుకి. నీళ్లలో దిగే ముందు ఒడ్డున ఉన్న తుప్పల్లోకి చూడాలి. కొమ్మలకి ఎండుగడ్డి, చిరిగిన సంచి ముక్క చుట్టుకుని ఉంటే, పోయిన వరద అంత ఎత్తున వచ్చిందన్నమాట. అది మన తలకన్నా పైన ఉందంటే, కుండపోతకి గెడ్డ ఎంతవుతుందో వేరే చెప్పక్కర్లేదు.

వరద లేని రోజున కూడా మడుగు మోసం చేస్తుంది. నీళ్లలో అడుగు ఎప్పుడూ పైకి కనిపిస్తుంది. పైనుంచి చూస్తే ఎనిమిది అడుగుల లోతు ఆరడుగుల్లా ఉంటుంది. నీరు ఎంత తేటగా ఉంటే మనకి అంత ధైర్యం వస్తుంది, చిక్కంతా అక్కడే. పైగా మన కొండల బండల్లో గుంతలుంటాయి. వరదలో చిక్కుకున్న రాళ్లు ఒకేచోట ఏళ్ల తరబడి గిరగిరా తిరిగి రోలులా తొలిచేసినవి. పక్కన మోకాలి లోతు, ఒక్క అడుగు వేస్తే నిలువు లోతు. బండ మీద పాచి ఉంటే ఆ అడుగు మన ఇష్టంతో పడదు. జలపాతం పాదం దగ్గర ఇంకా ఘోరం. నురగలో గాలి ఎక్కువ, అందులో మనిషి తేలడం కష్టం, పైనుంచి పడే నీరు మళ్లీ మళ్లీ లోపలికే తోస్తుంది. బాగా ఈత వచ్చినవాళ్లు కూడా పోయేది అక్కడే.

మరి ఈతే రానివాళ్ల సంగతి? ఒకప్పుడు మన పల్లెల్లో నడుముకి బెండ్లు కట్టి, సొరబుర్ర కట్టి, బావిలోకో చెరువులోకో దింపి పిల్లలకి ఈత నేర్పేవారు. బావులు పూడ్చేశాం, చెరువుల మీద కాలనీలు కట్టేశాం. జాలరిపేట పిల్లల్ని పక్కన పెడితే, విశాఖలో డిగ్రీ చదివే కుర్రాళ్లలో పది నిమిషాలు తేలగలిగేవాళ్లు ఎంతమందో ఏ కాలేజీ అయినా తన దగ్గరే లెక్క తీసుకోవచ్చు. ఈ దేశంలో నీట మునిగి ఏటా 30 వేల మందికి పైగా చనిపోతున్నారని జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్కలు చెబుతున్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనాలో 2021లో ప్రపంచం మొత్తం మీద ఇలా పోయినవాళ్లు సుమారు 3 లక్షలు. ఇంత పెద్ద సంఖ్యలో పోతున్నా, మునిగిన మనిషిని బయటికి తీశాక ఏం చేయాలో మనకి నేర్పినవాళ్లు లేరు. ఇప్పటికీ కడుపు మీద నొక్కి నీళ్లు కక్కించడం, కాళ్లు పట్టుకుని తలకిందులుగా ఊపడం చూస్తుంటాం. ఆ నిమిషాలే ప్రాణం తీస్తాయి. ఊపిరి ఆడకపోతే నాలుగైదు నిమిషాల్లో మెదడు దెబ్బతినడం మొదలవుతుంది. వెల్లకిలా పడుకోబెట్టి, ముక్కు మూసి, నోట్లో నోరు పెట్టి ఊపిరి ఊదాలి, ఛాతీ మీద నొక్కాలి, ఆపకుండా చేయాలి. ఈత రానివాడు మునుగుతున్నవాడి కోసం దూకకూడదు. తాడు విసరాలి, లేదా మూత బిగించిన ఖాళీ ఐదు లీటర్ల క్యాను విసరాలి. ఒకరి కోసం ఒకరు దూకి వరుసగా ముగ్గురు, నలుగురు పోయిన వార్తలు మనకి కొత్త కాదు. గర్భిణుల్ని ఇంకా డోలీలో మోసుకొస్తున్న ఊళ్లున్న కొండల్లో, 108 వచ్చేదాకా అంటే అది చాలా దూరపు మాట.

ప్రమాదం జరిగాక యంత్రాంగం చేసేది ఎప్పుడూ ఒకటే. ‘ప్రవేశం నిషేధం’ అని ఓ బోర్డు, నాలుగు రోజులు ఓ కానిస్టేబుల్, తర్వాత ఏమీ లేదు. నిషేధంతో జనం ఆగరు, ఇంకా చాటైన మడుగు వెతుక్కుంటారు. దీనికి పూర్తిగా ఎదురు దారి కూడా మన దగ్గర ఉంది. చోటుకి పేరు రాగానే రోడ్డు వేసి, పార్కింగ్ పెట్టి, అందరికీ తెరిచేయడం. వంజంగి కొండకి మేఘాలు చూడటానికి జనం ఎగబడ్డాక అక్కడ పోగైన ప్లాస్టిక్ సంగతి పాడేరు వెళ్లినవారందరికీ తెలుసు. చాపరాయి లాంటి వెడల్పాటి బండ, కటిక లాంటి జలపాతం పెద్ద గుంపుల్ని కొంతవరకు తట్టుకుంటాయేమో. పదిమంది దిగితే కలకబారే చిన్న మడుగు తట్టుకోదు.

‘ప్రకృతి అందరిదీ కదా, ఊరివాళ్ల పెత్తనమేంటి’ అని అడిగేవాళ్లున్నారు. ఈ ప్రశ్నకి ఈ కొండలే ఓసారి జవాబిచ్చాయి. అనంతగిరి మండలంలో ఇచ్చిన గనుల లీజుల మీద సాగిన పోరాటం నుంచే 1997లో సుప్రీంకోర్టు సమత తీర్పు వచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతాల, అంటే రాజ్యాంగం ప్రత్యేక రక్షణ ఇచ్చిన గిరిజన ప్రాంతాల, భూమిని ప్రైవేటు కంపెనీలకి లీజుకివ్వడం చెల్లదని కోర్టు తేల్చింది. దానికి ముందే, పంచాయతీరాజ్‌ని గిరిజన ప్రాంతాలకి విస్తరించిన 1996 పీసా చట్టం షెడ్యూల్డ్ ప్రాంతాల్లో చిన్న నీటి వనరుల ప్రణాళిక, నిర్వహణ తగిన స్థాయి పంచాయతీలకి అప్పగించాలని చెప్పింది. రాష్ట్రం 2011లో నియమాలూ తెచ్చింది. కాబట్టి ఊరి మాట వినడం మన దయ కాదు, చట్టం.

ఊరి కట్టుబాటు నిలుస్తుందా అన్న అనుమానం ఉంటే మత్స్యగుండం వెళ్లి చూడండి. హుకుంపేట మండలం మఠం దగ్గర, మత్స్యగెడ్డలో ఉంది. అక్కడి చేపల్ని మత్స్యలింగేశ్వరుడి పేర కొలుస్తారు, శివరాత్రికి జాతర చేస్తారు, గుండంలో చేప పట్టరు. ఆ కట్టుబాటు మీదే అక్కడ చేపలు బతుకుతున్నాయి. ఆ ఊళ్లకి నీటిని కాపాడుకోవడం మనం నేర్పక్కర్లేదు.

అందుకే నా సూచన చిన్నది. మడుగు తెరవాలా వద్దా అన్నది గ్రామసభ తేల్చాలి. వద్దంటే అక్కడితో ఆ మాట ఆగిపోవాలి, పర్యాటకం పేరు చెప్పి ఎవరూ ఒత్తిడి తేకూడదు. సరేనంటే తాగునీటి హద్దు ఎక్కడో, ఈత హద్దు ఎక్కడో ఊరే గీయాలి. రోజుకి ఎంతమందో ఊరే చెప్పాలి. వాన నెలల్లో మూసేయాలి. వెళ్లే ప్రతి గుంపు వెంట ఊరి నుంచి ఈత వచ్చిన ఇద్దరు యువకులు నడవాలి, కూలి వాళ్ల చేతికే నేరుగా అందాలి. దూరంగా ఉన్న కాంట్రాక్టరు టికెట్లు చింపి, ఊరికి చెత్త మిగిల్చే పద్ధతి ఇక్కడికి రానివ్వకూడదు. వెళ్లేవాళ్లు లొకేషన్ పెట్టడం మానాలి. ఫోటో పెట్టుకోండి, మడుగు పేరు చెప్పకండి. అడిగినవాళ్లకి ఆ యువకుల సంగతి చెప్పండి. సారా, బీరు ఉన్న సంచి ఊరి పొలిమేర దాటకూడదు.

ఖర్చు పెద్దదేమీ కాదు. మడుగుకి ఓ తాడు, రెండు లైఫ్ జాకెట్లు, ఇద్దరు ముగ్గురికి ఊపిరి ఊదడంలో, ఛాతీ నొక్కడంలో శిక్షణ. పాడేరు ఐటీడీఏ (సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ) అనుకుంటే వానాకాలం ముగిసేలోపు ఈ శిక్షణ పూర్తిచేసి, వచ్చే కార్తీకం పిక్నిక్‌లకి కనీసం రద్దీ ఎక్కువగా ఉండే మడుగుల దగ్గరైనా ఆ యువకుల్ని నిలబెట్టగలదు. విశాఖ కాలేజీలు తమ వంతుగా ఆ పిక్నిక్‌లకి ముందే పిల్లల్ని ఈత కొలనుకి తీసుకెళ్లి, తేలడం వచ్చాకే పిక్నిక్ బస్సు ఎక్కించాలి.