మందు దొరకదని మార్పిడా?

చిత్తూరు జిల్లా నుంచి తీవ్రమైన కడుపునొప్పితో చెన్నై వచ్చిన ఒక యువతికి స్కానింగులన్నీ అయ్యాయి, అపెండిక్స్ ఆపరేషనూ చేశారు. కిటికీ పక్కన ఉంచిన మూత్రం సీసా సాయంత్రానికి ముదురు ఎరుపుకు తిరగడాన్ని ఒక నర్సు గమనించేదాకా పోర్ఫిరియా అన్న అనుమానం ఎవరికీ రాలేదు. అప్పటికే కాళ్లు చచ్చుబడ్డాయి. మందు తెప్పించడం కష్టం కనుక కాలేయ మార్పిడి గురించి ఆలోచించుకోవాలని ఇప్పుడు ఆ కుటుంబానికి చెబుతున్నారు.

ఈ ‘కనుక’ మమ్మల్ని కలవరపెడుతోంది. రక్తానికి ఎరుపునిచ్చే హీమ్ తయారీకి కావలసిన ఎంజైము కొరవడి, కాలేయంలో పుట్టే విషపదార్థాలు నరాలను దెబ్బతీసే జబ్బు ఇది. కాలేయాన్ని మారిస్తే మూలమే పోతుందన్న వాదనలో నిజముంది. బ్రిటన్ వైద్యులు 2004లో లాన్సెట్ వైద్య పత్రికలో అలాంటి విజయాన్ని ప్రకటించారు. కానీ అది ఏ మందుకూ లొంగని రోగికి మిగిలిన చివరి మార్గం. ఈ జబ్బుకు వాడే మందుల్లో హెమిన్‌కు 1983లో, గివోసిరాన్‌కు 2019లో అమెరికాలో అనుమతి లభించింది. వాటిని రోగికి అందించకుండానే కత్తి పట్టడం ఆనవాయితీ అయితే, మందు తెప్పించాల్సిన బాధ్యత ఎవరికీ ఉండదు.

ఆ భారమంతా ఇంటివారి మీద పడుతుంది. ఈ రోగుల కాలేయం మిగతా పనులన్నీ సవ్యంగానే చేస్తుంది కాబట్టి, కాలేయ వైఫల్య తీవ్రతను లెక్కగట్టే మెల్డ్ స్కోరులో వీరు వెనకబడిపోతారు. తమిళనాడులో 2008 నుంచి సాగుతున్న మరణానంతర అవయవదాన పథకంలోనూ ఎదురుచూపు తప్పకపోవచ్చు. అప్పుడు అన్నో చెల్లెలో ముందుకు రావాలి. వంశపారంపర్యంగా వచ్చే ఈ లోపం తోబుట్టువులకు ఉండే అవకాశం సగానికి సగం. పోర్ఫిరియా రోగి నుంచి తీసిన కాలేయాన్ని అమర్చినప్పుడు స్వీకర్తలకు అదే జబ్బు సోకిన ఉదంతాలున్నాయి. దాతకు జన్యుపరీక్ష చేయకుండా సంతకాలు తీసుకోవడం ఘోరం. పైగా మార్పిడి విజయవంతమైనా, అప్పటికే దెబ్బతిన్న నరాలు పూర్తిగా కోలుకుంటాయన్న హామీ లేదు.

అరుదైన వ్యాధుల జాతీయ విధానం 2021లో వచ్చింది, మరుసటి ఏడాది సాయం పరిమితిని 50 లక్షలకు పెంచారు. అలాంటప్పుడు చెన్నైలో, బెంగళూరులో ఒక్కో ప్రభుత్వ ఆస్పత్రిలోనైనా హెమిన్ నిల్వ ఉంచడానికి అడ్డేమిటి? కారణం తెలియని కడుపునొప్పితో వచ్చినవారికి మూత్రంలో పీబీజీ (ఈ జబ్బులో పేరుకునే పోర్ఫోబిలినోజెన్) పరీక్ష చేయించడానికి ఏ జీవో కోసం ఎదురుచూస్తున్నారు? ఆరోగ్యశాఖలు ముందు ఈ రెండింటికీ జవాబు చెప్పాలి. ఆ తర్వాతే ఆ చెల్లెలి ముందు అంగీకార పత్రం పెట్టాలి.