ఫీజు రీఫండు ఫైలు గారికి, హనుమకొండ నుంచి

మహారాజశ్రీ ఫీజు రీఫండు ఫైలు గారి సముఖమునకు,

తమరు అకౌంట్స్ సెక్షన్ బీరువాలో క్షేమంగా ఉన్నారని తలుస్తాం. "సార్ ఛాంబర్ల లేడు, సోమారం రండ్రి" అని కౌంటర్‌లో సెలవిచ్చారు కాబట్టి తమరి నిద్రకు భంగమేమీ కలగలేదనే అనుకుంటున్నాం. మేడారం జాతర రెండేళ్లకోసారి తప్పకుండా వస్తుంది, సమ్మక్క చిలుకలగుట్ట దిగే రోజు ఊరూవాడా ముందే తెలుస్తుంది. తమరు బీరువా దిగే ముహూర్తం మాత్రం ఏ పంచాంగంలోనూ దొరకడం లేదు.

తమరి వైభవమంతా ఒక్క చిక్కు మీద నిలబడింది: చదువు ఒకరిది, కట్టిన పైసలు ఇంకొకరివి. మామూలు పిల్లగాడు సీటు వదులుకుంటే తండ్రి వచ్చి గొంతు పెంచుతాడు, కాగితం కదులుతుంది. ఉద్యోగి చదువుకు కంపెనీ కట్టిన ఫీజుకు తండ్రి లేడు. "కట్టింది కంపెనీ కదా, వాళ్లనే రాయమనండ్రి" అంటుంది కాలేజీ. "స్టూడెంట్ మీరే కదా, మీరే అప్లై చేసుకోవాలి" అంటుంది కంపెనీలో ఉద్యోగుల వ్యవహారాలు చూసే హెచ్‌ఆర్. ఇద్దరూ చెప్పేది నిజమే. ఆ నిజాన్ని తలగడ చేసుకుని తమరు పడుకున్నారు.

తమరి లెక్కలు మాకు తెలియనివి కావు. మడికొండ ఐటీ పార్కులో ఉద్యోగం చేసే ఒకమ్మాయి ఎం.ఎస్సీలో చేరిందనుకుందాం. కంపెనీ 60,000 ట్యూషన్ ఫీజు, 2,000 కాషన్ డిపాజిట్ (వెనక్కి వచ్చే పూచీ సొమ్ము) కట్టింది. అడ్మిషన్ల చివరి తేదీ ఆగస్టు 31. సెప్టెంబరు 8న షిఫ్టు మారింది, క్లాసులు మానేసింది. ఆమె ఎప్పుడు మానేస్తే తమరికేం? తమరు చూసేది దరఖాస్తు చేతికందిన తేదీ ఒక్కటే. 2018 అక్టోబరు నాటి యూజీసీ (విశ్వవిద్యాలయాల గ్రాంట్ల సంఘం) నోటిఫికేషన్ ప్రకారం చివరి తేదీకి 15 రోజులు, అంతకు ముందే తప్పుకుంటే మొత్తం ఫీజు వెనక్కి ఇవ్వాలి. అందులో ప్రాసెసింగ్ ఖర్చుల కోత 5 శాతం మించకూడదు, అదీ 5,000 దాటకూడదు. 15 రోజులకన్నా దగ్గరపడ్డాక అయితే 90 శాతం. చివరి తేదీ దాటాక 15 రోజుల దాకా 80, ఆ తర్వాత 30వ రోజు దాకా 50, అది కూడా దాటితే గుండు సున్నా. అమ్మాయి 10న కాగితం ఇస్తే 48,000. "హెచ్‌ఆర్ నుంచి మెయిల్ రానీ" అని ఆగి 18న ఇస్తే 30,000. దసరాకు ఊరికి పోయే ముందు ఇద్దామని అక్టోబరులోకి జారితే డిపాజిట్ రెండు వేలతో సరిపెట్టుకోవాలి. హెచ్‌ఆర్ మెయిల్ కోసం ఆగిన ఎనిమిది రోజుల ఖరీదు 18,000.

యూజీసీ ఒక్కో ఏడు ఇంతకన్నా ఉదారంగా ప్రత్యేక ఉత్తర్వు ఇస్తుంది. 2024-25కు సెప్టెంబరు 30 దాకా పూర్తి వాపసు, అక్టోబరు 31 దాకా 1,000 మించని కోత అన్నది. ఆ ఉత్తర్వు తమరి అట్ట లోపల కనపడదు; దరఖాస్తుకు ప్రింటు జోడించాల్సింది అడిగేవాళ్లే. ఏఐసీటీఈ (సాంకేతిక విద్యా మండలి) కింద ఉండే కోర్సులది వేరే దారి: తరగతులు మొదలుకాకముందే తప్పుకుంటే 1,000కి మించి పట్టుకోవద్దు.

తమరికి ఇష్టమైన నైవేద్యం కోఆర్డినేటర్‌కు పెట్టిన వాట్సాప్ మెసేజ్. "సార్, ఐ యామ్ డ్రాపింగ్" అని రాస్తే ఆయన బొటనవేలు బొమ్మ పెడతాడు, తమరికి చీమ కుట్టినట్టు కూడా ఉండదు. తమరు భయపడేది కాగితం ఆఫీసుకు అందిందని వేసే ఇన్‌వర్డ్ ముద్రకు. ప్రిన్సిపాల్ పేరున రెండు ప్రతులు, రెండోదాని మీద ఊదారంగు గుండ్రటి ముద్ర, అందులో తేదీ, పక్కన చేతిరాతతో ఇన్‌వర్డ్ నంబరు. ముద్ర వేయం పొమ్మంటే అదే రోజు స్పీడ్ పోస్టు చేసి, డెలివరీ రుజువు దాచుకోవాలి.

ఆ తర్వాత నో డ్యూస్ యాత్ర, అంటే ఎక్కడా బాకీ లేదని సంతకాలు తెచ్చుకోవడం. హాస్టల్ గడప తొక్కనివాళ్లు వార్డెన్ సంతకం తేవాలి, ల్యాబు లేని కోర్సువాళ్లు ల్యాబ్ ఇన్‌చార్జిని వెతకాలి. వార్డెన్ గారు "నువ్వెవరమ్మా?" అని అడగడమే బాకీ లేదనడానికి సాక్ష్యం, కానీ తమరికి సంతకమే కావాలి.

అసలు పీటముడి రసీదు. తమరు ఒరిజినల్ అడుగుతారు. అది ఆడిట్ కోసం కంపెనీ అకౌంట్స్‌లో ఉంటుంది, వాళ్లు బయటికి ఇవ్వరు. ఉద్యోగి చేతిలో ఉండేది హనుమకొండ చౌరస్తాలో తీసిన జిరాక్స్. ఈ ముడి విప్పేది కంపెనీ లెటర్‌హెడ్ మీద ఒక్క పేజీ: ఎంత కట్టాం, ఏ తేదీన, యూటీఆర్ నంబరు (బ్యాంకు బదిలీ గుర్తు) ఎంత, వాపసు ఏ ఖాతాకు రావాలి, అధీకృత సంతకం. దానికి కంపెనీ క్యాన్సిల్డ్ చెక్కు, ముద్ర వేసిన రసీదు ప్రతి కుట్టాలి. ఫారంలో ఉద్యోగి తన సొంత ఖాతా రాశాడంటే తమరికి పండగే. పైసలు ఏ ఖాతా నుంచి వచ్చాయో అదే ఖాతాకు పోవాలని వెనక్కి తిప్పుతారు, మళ్లీ మొదటి సంతకం నుంచి నడక. ఉద్యోగి తానే కట్టి కంపెనీ దగ్గర రీయింబర్స్‌మెంట్ తీసుకుంటే వాపసు అతనికే వస్తుంది. అప్పుడు ఆ సొమ్ము పేరోల్‌కు (కంపెనీ జీతాల విభాగానికి) తిరిగి కట్టి రసీదు తీసుకోవాలి. లేకపోతే రాజీనామా నాడు ఫుల్ అండ్ ఫైనల్ అనే ఆఖరి లెక్కలో బాకీగా కనపడుతుంది.

తమరి తమ్ముడు ఎడ్‌టెక్ (ఆన్‌లైన్ చదువుల కంపెనీ) సర్టిఫికెట్ కోర్సు గురించి ఒక ముక్క. గుర్తింపు పొందిన డిగ్రీకి జీఎస్టీ లేదు గానీ ఆ తమ్ముడికి 18 శాతం ఉంది: 60,000కు 10,800. ఇన్‌వాయిస్ కంపెనీ జీఎస్టీ నంబరు మీద ఉంటే క్రెడిట్ నోటు (బిల్లు తగ్గించినట్టు అమ్మినవాళ్లు ఇచ్చే పత్రం) కావాలి. పన్ను సర్దుబాటు జరగాలంటే ఆర్థిక సంవత్సరం ముగిశాక వచ్చే నవంబరు 30లోపు అది రిటర్నులో ఎక్కాలి. అసలు ఇచ్చి పన్ను మింగడం ఆ తమ్ముడికి అలవాటు.

కంపెనీ పెద్దలకూ ఇందులో వాటా ఉంది. కోర్సు మానేస్తే మొత్తం ఫీజు జీతంలో కోస్తాం అని పాలసీలో ఒక గీత ఉంటుంది. కాలేజీ నుంచి 48,000 వచ్చాక కోత 12,000కే ఉండాలి కదా? ఆ మాట హెచ్‌ఆర్‌తో ముందే మెయిల్‌లో రాయించుకోకపోతే కోత మొత్తానికి పడుతుంది, తమరి నుంచి వచ్చిన వాపసు కంపెనీ ఖాతాలో పేరు లేని జమగా మిగులుతుంది.

అన్నట్టు, రాతపూర్వక దరఖాస్తు అందిన 15 రోజుల్లో చెల్లించాలని ఆ 2018 నోటిఫికేషన్‌లోనే ఉంది. ఒరిజినల్ సర్టిఫికెట్లు పట్టుకుని బేరమాడొద్దని కూడా ఉంది. 16వ రోజున యూజీసీ ఫిర్యాదుల పోర్టల్ ఈ-సమాధాన్‌లో ఇన్‌వర్డ్ ప్రతి ఎక్కించవచ్చు. సర్కారు యూనివర్సిటీ అయితే 10 రూపాయల ఆర్టీఐ (సమాచార హక్కు) దరఖాస్తు: ఈ ఫైలు ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా ఎవరి టేబుల్ మీద ఉందో నోట్ షీటు (ఫైలు మీద అధికారులు రాసే కాగితం) ప్రతులతో ఇవ్వండి. "ఎందుకు ఆలస్యం" అని అడిగితే జవాబు రాదు, నోట్ షీటు అడిగితే 30 రోజుల్లో ఇవ్వాల్సిందే.

చివరికి తమరు కరుణించి చెక్కు రూపంలో దర్శనమిస్తే, కౌంటర్ వదలకముందే పేరు చదవాలి. కంపెనీ పేరులో 'ప్రైవేట్ లిమిటెడ్' ఎగిరిపోయిందా, విద్యార్థి పేరే రాశారా చూడాలి. చెక్కు మీది తేదీ నుంచి 3 నెలలే చెల్లుతుంది. సంతకం చేశాక తమరి బీరువాలోనే రెండు నెలలు గడిచి ఉంటే, కొత్త తేదీతో ఇంకో చెక్కు అక్కడికక్కడే అడగాలి.

ఇట్లు,
కంపెనీ అకౌంట్స్, హెచ్‌ఆర్ బల్లల వెనక కూర్చునేవాళ్లం