చిప్స్ ప్యాకెట్టు చూస్తే తెలుస్తుంది
ఎక్స్‌రే టెలిస్కోపుల్లో మామూలు వెలుతురును ఆపి ఎక్స్‌రేలను మాత్రం వదిలే పల్చటి ఫిల్టర్లుంటాయి. వాటిలో వెలుతురును ఆపడమే అసలు కష్టం అని ఒక వ్యాసంలో చదివాను. నాకలా అనిపించలేదు. వెలుతురు ఆగడానికి అల్యూమినియం పూత చాలు. పర్లాకిమిడిలో మాది కిరాణా కొట్టు. చిప్స్ ప్యాకెట్టు లోపల మెరిసేది కూడా కొన్ని పదుల నానోమీటర్ల అల్యూమినియమే. ఖాళీ ప్యాకెట్టు చించి ఎండకి పట్టి చూడండి, మడత పడిన చోటల్లా సూది మొనంత వెలుగు చుక్కలు! అలాంటి చుక్కల్లోంచే వెలుతురు దూరుతుంది, తంటా అక్కడ. తక్కువ శక్తి ఎక్స్‌రేలు దాటాలంటే పూత కింది ప్లాస్టిక్ పొర కూడా నానోమీటర్లలోనే ఉండాలి, అదేమో రాకెట్ మోతకి చిరగకూడదు. అన్నీ తట్టుకుని పైకెళ్లినా, 1999లో వెళ్లిన నాసా వారి ‘చంద్ర’ ఎక్స్‌రే టెలిస్కోపు చల్లటి ఫిల్టరు మీద ఏళ్ల తరబడి కర్బన మడ్డి పేరుకుని ఆ ఎక్స్‌రేలు మసకబారాయి. మా కొట్టు అద్దమైతే పొద్దున్నే తుడిచేస్తాను, అంత ఎత్తుకి గుడ్డ పట్టుకుని ఎవరెళ్తారు?